ఆనపబుర్ర కౌమోదకి

నేను ఒక గదని. ఆగండాగండి, భీముడిదా హనుమంతుడిదా అని అప్పుడే అడిగేయకండి, అసలు నా బాధంతా అదే. గద అనగానే జనానికి ఆ ఇద్దరే గుర్తొస్తారు. ఇప్పుడు నేను విష్ణుమూర్తి గదని. అంటే విష్ణుమూర్తి వేషం, కృష్ణుడి వేషం వేసేవాళ్ళు పట్టుకునే గదని. ఇంకా నిజం చెప్పేయాలంటే పుట్టినప్పుడు నేను గదని కూడా కాదు, ఆనపకాయని. మీలో కొందరు సొరకాయ అంటారు. అలా పిలిచినా పలుకుతాను, నాకేం పట్టింపు లేదు.

మండపేటలో వీర్రాజు గారని డ్రామాలకి డ్రెస్సులు అద్దెకిచ్చే ఆయన ఉన్నారు. కిరీటాలు, భుజకీర్తులు, నారదుడి చిడతలు, రకరకాల గడ్డాలు, అన్నీ ఆయన దగ్గర దొరుకుతాయి. వాళ్ళ బాత్రూం రేకుల మీద పాకిన పాదుకి కాశాను నేను. నా తోబుట్టువులంతా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పులుసులోకీ, పాలు పోసిన కూరలోకీ వెళ్ళిపోయారు. నన్ను మాత్రం విత్తనానికని వదిలేశారు. ఎండకి ఎండి, వానకి తడిసి, మళ్ళీ ఎండి, తీగ మీదే చెక్కలా గట్టిపడిపోయాను. ఒక పొద్దున్న వీర్రాజు గారు పళ్ళు తోముకుంటూ తలెత్తి నన్ను చూశారు. చూసి, నోట్లో నురగతోనే అరిచారు.

"ఏమేవ్! దీన్ని ముట్టుకోకు! దీనికి వేషం ఉంది!"

అంతే, నా దశ తిరిగిపోయింది. లోపలి గింజలు, గుజ్జు అంతా గోకి తీసేశారు. వెదురు బొంగు ఒకటి పిడిగా దిగ్గొట్టారు. మైదా జిగురు ఉడకబెట్టి, పాత పేపర్లు చించి, పొర మీద పొర అంటించారు. ఆ పేపర్ల మీద ఎన్నికల ఫలితాలున్నాయి, చీరల సేల్ ఉంది, ఎవరో పెద్దాయన శ్రద్ధాంజలి ఫోటో ఉంది. అవన్నీ ఇప్పటికీ నా చర్మం కిందే ఉన్నాయి తెలుసా! పైన తాడు చుట్టి చారలు తేల్చి, బంగారు రంగు కొట్టేసరికి అబ్బా, నన్ను చూసి నేనే గుర్తుపట్టలేదు. కాకపోతే ఒక్కటే లోపం. ఫ్యాను కాస్త స్పీడుగా వేస్తే బల్ల మీంచి దొర్లిపోతాను.

తర్వాత ఎన్ని చేతులు మారానో చూడండి. ఒక ఊళ్ళో భీముడు నన్ను గాల్లోకి విసిరి పట్టుకున్నాడు, జనం చప్పట్లు కొట్టారు. ఇంకో ఊళ్ళో దుర్యోధనుడు చావుబతుకుల సీనుకి ముందు తెర వెనక నాతో వీపు గోక్కున్నాడు. ఒక యమధర్మరాజైతే తన సీను వచ్చేదాకా నన్ను తలకింద పెట్టుకుని గురక పెట్టాడు, పాపులంతా స్టేజీ మీద ఆయన కోసం వెయిటింగ్. పౌరుషం పద్యాలు పాడే ఇంతమంది వీరుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా నీ పేరేంటని నన్ను అడగలేదు. గదకి పేరేంటి అనుకుని ఉంటారు. కత్తికీ విల్లుకీ పేర్లుంటాయి గానీ నాకెందుకుంటుందిలే అని నేనూ ఊరుకున్నాను.

అప్పుడొచ్చింది ఆచారి మాస్టారి నాటకం. ఆచారి మాస్టారంటే తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఆయన, బుల్లెబ్బాయి గారి నాటక సమాజానికి ఆస్థాన రచయిత. ఈసారి ఆయన ఖాండవ దహనం రాశారు. కథ మీకు తెలిసే ఉంటుంది. అగ్నిదేవుడికి ఆకలేసి ఖాండవవనాన్ని తినేస్తానంటాడు, కృష్ణార్జునుల సాయం అడుగుతాడు. వాళ్ళేమో మా చేతుల్లో సరైన ఆయుధాల్లేవంటారు. అప్పుడు వరుణుడొచ్చి అర్జునుడికి గాండీవం ఇస్తాడు. కృష్ణుడికి చక్రం వస్తుంది, దాంతోపాటు ఒక గద కూడా వస్తుంది. గాండీవం చిన్నపిల్లాడికి కూడా తెలుసు. సుదర్శనం గురించి చెప్పక్కర్లేదు. ఆ గద పేరు మాత్రం సమాజంలో ఎవరికీ నోరు తిరగలేదు.

కౌమోదకి.

ఆ మాట మొదటిసారి రిహార్సల్లో విన్నప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. నాకు పేరుంది! అంత పేరుంది!

కృష్ణుడి వేషం అలివేలుది. పేరు చూసి కంగారుపడకండి, ఆడమనిషే. పక్క ఊరి స్కూల్లో మధ్యాహ్నం భోజనం వండుతుంది. చిన్నప్పట్నించీ కృష్ణుడే ఆమె వేషం. గొంతు విప్పిందంటే మైకు లేకపోయినా చివరి వరస దాకా వినిపించేది. ఈ చుట్టుపక్కల కృష్ణుడంటే అలివేలే అనేవాళ్ళు. ఈమధ్య అనడం తగ్గించారు, అంతే.

మొదటి ప్రదర్శన ఒక ఊరి జాతరలో పడింది. వరుణుడు నన్ను తెచ్చిచ్చాడు. అలివేలు నవ్వుతూ అందుకుంది. దేవుడు కదా, దేవుడికి బరువేముంటుందని ఆమె లెక్క. నన్ను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని గిర్రున తిప్పి, నడుం మీద చెయ్యి వేసుకుని, పద్యం ఎత్తుకుంది. జనంలోంచి ఒక గొంతు లేచింది.

"కృష్ణయ్యో! ఆ ఆనపకాయ మా ఇంటికి పంపించెయ్యి, పులుసెట్టుకుంటాం!"

ఇక చూడండి నవ్వులు. కొబ్బరిచెట్టెక్కి చూస్తున్నవాడు కూడా నవ్వాడు. అలివేలు రాగం మధ్యలో తెగిపోయింది. నేనేమో సిగ్గుతో ముడుచుకుపోయాను, ఎందుకంటే వాడన్నదాంట్లో అబద్ధం లేదు కదా!

తెర పడగానే బుల్లెబ్బాయి గారు వచ్చారు. మంచాయనే గానీ నోరు ఆగదు. "అలివేలూ, నేను చెప్తున్నా చూడు. మొత్తం నాటకానికి ఆ గద సీనే గుండెకాయ. నాటక పరిషత్తు పోటీలో కూడా ఇలాగే అయితే మన పరువు గోదాట్లో కలిసిపోద్ది. ఆడమనిషి గద పడితే జనానికి నమ్మకం కుదరట్లేదమ్మా. పోటీలో ఈ సీను పండిందా సరే. పండలేదా, వచ్చే ఏడు నించి కృష్ణుడు మణికంఠ."

మణికంఠ వరుణుడి వేషం వేసే కుర్రాడు. జిమ్ముకి పోతాడు, జబ్బలు చూస్తే పనసకాయల్లా ఉంటాయి. పాపం వాడు తల దించుకుని "నాకొద్దండీ, అక్కే వేస్తదండీ" అన్నాడు. బుల్లెబ్బాయి గారు వినిపించుకోలేదు.

అలివేలు ముఖానికున్న నీలం రంగు తుడుచుకుంటూ ఆచారి మాస్టారితో అంది. "ఏడాదంతా నేను నేనేగదండీ మాస్టారూ. ఎప్పుడో కాసేపు కృష్ణుణ్ణి. ఆ కాసేపు కూడా తీసేస్తే ఎలాగండీ?" మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

బుల్లెబ్బాయి గారు ఊరుకునే రకం కాదు. తప్పంతా నాదని తేల్చేశారు. తిన్నగా ఇత్తడి సామాన్ల షాపు గంగాధరం గారి దగ్గరకెళ్ళి, మీ పేరు మైకులో చెప్పిస్తామన్నారు. గంగాధరం గారు పొంగిపోయి నిఖార్సయిన ఇత్తడి గద ఒకటి పోత పోయించేశారు. దాన్ని రిహార్సల్ గదిలోకి ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. తళతళ మెరిసిపోతోంది. నన్ను తీసుకెళ్ళి మూల చీపురు పక్కన నిలబెట్టారు. అక్కణ్ణించి అంతా చూశాను నేను.

అలివేలు దాన్ని ఎత్తలేకపోలేదు, అది గుర్తుపెట్టుకోండి. రోజూ స్కూల్లో అన్నం గుండిగలు దించే చెయ్యి ఆమెది. ఎత్తింది. కానీ ఎత్తి పద్యం పాడాలి కదా! మోస్తూ రాగం లాగితే ఊపిరి ఎక్కడ సరిపోతుంది? గొంతు సగంలోనే పట్టేసేది. ఎప్పుడు దించేద్దామా అన్నట్టుండేది ముఖం. బుల్లెబ్బాయి గారు మణికంఠని పిలిచి ఎత్తమన్నారు. వాడు మంచినీళ్ళ సీసా ఎత్తినట్టు ఒంటిచేత్తో లేపేశాడు.

"అదీ! అలా ఉండాలి!" అన్నారు బుల్లెబ్బాయి గారు.

"ఏం ఉండాలండీ?" అన్నారు ఆచారి మాస్టారు. "వీడు ఎత్తుతుంటే అది ఇత్తడిదని ఎవడనుకుంటాడు? రంగేసిన థర్మోకోల్ అనుకుంటారు."

నిజం! సీరియస్‌గా చెప్తున్నా, నేను మూలనుంచి చూస్తుంటే నాకూ అలాగే అనిపించింది. అంత బరువైన గద వాడి చేతిలో నాకంటే తేలికగా కనిపించింది. మనుషులు ఎంత విచిత్రమైనవాళ్ళో చూడండి, నిజమైనదాన్ని తెచ్చి పెట్టుకుంటే అది అబద్ధంలా ఉంది.

అందరూ వెళ్ళాక అలివేలు మాస్టారి పక్కన అరుగు మీద కూర్చుంది. "మాస్టారూ, ఆ పేరుకి అర్థం ఏంటండీ? నోరు తిరిగింది గానీ మనసుకెక్కలేదు."

నా ప్రాణం చెవుల్లోకొచ్చేసింది. చెవులు లేవనుకోండి, అయినా సరే.

"రెండు రకాలుగా చెప్తారమ్మా" అన్నారు మాస్టారు. "కుముదం అంటే కలువపువ్వు. దాన్నించి వచ్చిందని కొందరంటారు. ఇంకొందరేమో, కు అంటే భూమి, మోదం అంటే సంతోషం, భూమిని సంతోషపెట్టేవాడు కుమోదకుడు, అంటే విష్ణువు, ఆయన గద కాబట్టి కౌమోదకి అంటారు. రెండువైపులా పెద్దవాళ్ళే ఉన్నారు. ఏది కరెక్టో తేల్చడానికి నేనెవణ్ణి?"

కలువపువ్వు పేరు గదకా! రాక్షసుల తలలు పగలగొట్టేదానికి పూలపేరు పెట్టుకున్న మనిషి ఎవరో గానీ నాకు భలే నచ్చాడు. అలివేలు మాత్రం రెండోదాని దగ్గరే ఆగిపోయింది.

"గద మోదితే భూమికి నొప్పి కదండీ, సంతోషం ఎందుకు?"

"దుర్మార్గుల భారం తగ్గుతుంది కదమ్మా. భూభారం తగ్గించడానికే ఆయన అవతారాలు."

"తగ్గితే ఆ బరువు ఎక్కడికి పోద్దండీ? ఊరికే మాయమైపోదు కదా. భూమి మీంచి తీసినప్పుడు ఎవరో ఒకళ్ళు ఎత్తుకోవాలి."

మాస్టారు "నేను అంతదూరం ఆలోచించలేదమ్మాయ్" అన్నారు.

మర్నాడు అలివేలు వీర్రాజు గారినడిగి నన్ను తీసుకుపోయింది. ఎక్కడికో ఊహించండి. స్కూలు వంటగదికి! పోపుడబ్బాల పక్కన మేకుకి తగిలించింది. ఆనపకాయగా పుట్టి, గదనై, మళ్ళీ వంటింటికే వచ్చానా దేవుడా అని భయం పట్టుకుంది. కానీ ఆమె నన్ను ముట్టుకోలేదు. అన్నం గుండిగ దించడానికి వెళ్ళి, మసిగుడ్డతో చెవులు పట్టుకుని, సగంలో ఆగిపోయింది. తనని తనే చూసుకుంటోంది! ముందు పాదాలు ఎడంగా జరిగాయి. మడమలు నేలని నొక్కాయి. ఊపిరి లోపలికి పోయి ఆగింది. చేతులు అన్నిటికంటే చివరగా కదిలాయి. కిటికీ అవతల పళ్ళాలు పట్టుకున్న పిల్లలు అరుస్తున్నారు. నడుం వంగిపోతోంది, ముఖం మాత్రం నవ్వుతోంది. గుండిగ దించేసి, అలాగే నిలబడి, నావైపు చూసింది.

తర్వాత నన్ను మేకు మీంచి తీసింది. మడమలు నొక్కింది, ఊపిరి పట్టింది, నన్ను ఎత్తింది. మళ్ళీ గుండిగ దగ్గరకెళ్ళింది. మళ్ళీ నా దగ్గరకొచ్చింది. తోటి వంటమనిషి నూకాలు వంకాయలు తరుగుతూ ఇదంతా చూస్తోంది.

"ఏటే అలివేలూ, ఎండిపోయిన ఆనపకాయకి అంత ఆయాసమేటే? డాక్టరుకి చూపించుకో!"

"నీ నోట్లో నా కిరీటం పెట్టా, ఆగవే. చూడు, ఇప్పుడు బరువుగా ఉందా?"

"ముఖం బరువుగా ఉంది. బుర్ర తేలిగ్గానే ఉంది."

"అయితే ఇంకా రాలేదు" అని మళ్ళీ మొదలెట్టేది. రోజూ ఇదే వరస. ఒకరోజు నూకాలు వంకాయ పక్కనపెట్టి, లేచి వచ్చి, నా పిడికి రెండోవైపు చెయ్యి వెయ్యబోయింది, సాయం పడదామని. వేసి, తనే ఉలిక్కిపడి, "ఓసి నీ దుంపతెగ!" అని పగలబడి నవ్వింది.

ఇంత చేసినా లాభం లేదు, ఎందుకంటే పోటీలో వాడేది నన్ను కాదు కదా. ఇత్తడి గదనే. "దాత ముందు వరసలో కూర్చుంటాడమ్మా, ఆయన గద వాడకపోతే ఏం బాగుంటుంది?" అనేశారు బుల్లెబ్బాయి గారు. అలివేలు తలూపింది. అయినా పోటీ రోజు సాయంత్రం నన్ను చీరలో చుట్టి వెంట తెచ్చుకుంది. ఎందుకని ఆమెకే తెలియాలి.

మెరుగు పెట్టిస్తానని ముందురోజు పట్టుకెళ్ళిన ఇత్తడి గదని ఆ సాయంత్రం గంగాధరం గారు మేళంతో తెచ్చారండీ! అక్కడితో ఆగితే బాగుండేది. విష్ణుమూర్తి ఆయుధం కదాని పొద్దున్నే పంతులుగారిని పిలిపించి పూజ చేయించేశారు. దానికి పసుపు, కుంకుమ, పట్టుగుడ్డ, చామంతిదండ. హాలు గుమ్మంలో బల్లేసి పెట్టేసరికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే చెప్పులు విప్పి దండం పెట్టుకోవడం మొదలెట్టారు. ఒకావిడ కొబ్బరికాయ కూడా కొట్టేసింది. ఇంకొకాయన పిల్లాడి పరీక్షల గురించి మొక్కుకున్నాడు. నాటకం మొదలైంది, గద సీను దగ్గరపడుతోంది, బుల్లెబ్బాయి గారు పరుగున వచ్చి దండ తీసి గద ఎత్తబోయారు. గంగాధరం గారి భార్య అడ్డం వచ్చేసింది.

"ఏటండీ అది! పూజ చేసినదాన్ని తీసుకెళ్ళి స్టేజీ మీద నేలకి ఆనిస్తారా? ముఖాలకి రంగులేసుకుని, చెమటచేతుల్తోటి?"

"మీరు ఇచ్చిందే నాటకం కోసం కదమ్మా!"

"ఇచ్చాం. ఇచ్చినప్పుడు ఇత్తడండీ. ఇప్పుడు దేవుడు."

బుల్లెబ్బాయి గారు గంగాధరం గారి వైపు చూశారు. ఆయన చామంతిదండ మళ్ళీ గదకి వేసి సరిచేస్తూ "ఆవిడ చెప్పింది కూడా నిజమేనండి. ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే?" అన్నారు.

తెర వెనక్కి వచ్చిన బుల్లెబ్బాయి గారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. "అలివేలూ... ఆ ఆనపకాయ ఎక్కడుందో..."

ఆమె చీర విప్పి నన్ను బయటికి తీసింది. మణికంఠ చేతిలో పెడుతూ గబగబా చెప్పింది. "ఒరే తమ్ముడూ, రెండు చేతులతో ఇవ్వు. ఇచ్చాక చేతులు వెంటనే తియ్యకు. నాకు పట్టు దొరికిందో లేదో చూసి అప్పుడు వదులు."

సీను పండకపోతే కృష్ణుడి వేషం తనకొచ్చేదే కదా, ఆ కుర్రాడు ఏదో ఒకలా ఇచ్చేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదండీ! వంగి, పనసకాయల్లాంటి జబ్బలు బిగించి, దవడ బిగించి, నన్ను మోసుకొచ్చాడు. సముద్రపు అడుగునించి తెచ్చినట్టు తెచ్చాడు. ఆమె చేతుల్లో పెట్టి, ఆమె కళ్ళలోకి చూసి, మెల్లగా ఒక్కో చెయ్యీ వదిలి, వెనక్కి జరిగి మణికట్లు విదుల్చుకున్నాడు. వాడి జిమ్ము అప్పుడు పనికొచ్చింది.

అలివేలు ఈసారి నవ్వలేదు. నా బరువు ముందు ఆమె మడమల్లోకి దిగింది. అక్కణ్ణించి మోకాళ్ళలోకి, నడుంలోకి పాకింది. ఊపిరి ఆగింది. నన్ను భుజానికెత్తుకుంది. అప్పుడు, అంత బరువు కింద, మెల్లగా ఆమె ముఖంలోకి నవ్వు వచ్చింది. గుండిగ దించేటప్పటి నవ్వు. ఒకళ్ళ బరువు తను ఎత్తుకుంటున్నానని తెలిసి, ఇష్టపడి ఎత్తుకున్న మనిషి నవ్వు. పద్యంలో నా పేరు వచ్చింది. కౌమోదకి! గట్టిగా కాదు, పసిపిల్లని పిలిచినట్టు పిలిచింది. రాగం పొడుగ్గా సాగింది, ఎక్కడా తెగలేదు. ఎలా తెగుతుంది, మోస్తోంది నన్ను కదా!

చివర్లో నన్ను కిందికి దించాలి. నేను నేలకి తాకగానే డోలక్ మీద దెబ్బ పడాలి, ఆ శబ్దం నాదే అనుకోవాలి జనం. అలివేలు దించింది. జానెడు ఎత్తులో ఒక్క క్షణం ఆగింది. నడుం ఇంకాస్త వంగింది. తర్వాత వదిలింది. డోలక్ అబ్బాయి నోరు తెరుచుకుని చూస్తూ దెబ్బ వెయ్యడమే మర్చిపోయాడు. నేను చెక్కల మీద ఏ చప్పుడూ చెయ్యకుండా వాలాను, కాగితం వాలినట్టు.

ముందు వరసలో గంగాధరం గారు పాదాలు రెండూ చటుక్కున వెనక్కి లాక్కున్నారు.

హాల్లో ఎవరూ పులుసు గురించి మాట్లాడలేదు.

తెర పడ్డాక గంగాధరం గారు తిన్నగా మేకప్ గదిలోకి వచ్చేశారు. నేను కుర్చీకి ఆనుకుని ఉన్నాను. "ఇది కూడా ఇత్తడేనా? ఎక్కడ పోయించారు?" అంటూ పంచె ఎగ్గట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, రెండు చేతులతో నా పిడి పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగారు. ఇక చెప్పేదేముంది! నేను గాల్లోకి లేచిపోయాను, ఆయన వెనక్కి వెళ్ళి గడ్డాల పెట్టెలో కూలబడ్డారు. ఋషుల గడ్డాలన్నీ ఆయన మీద పడ్డాయి. నేను ఆయన ఒళ్ళో పడ్డాను.

"ఇదేంటమ్మా! ఇందాక ఇంత బరువుంది కదా!" అన్నారాయన గడ్డాల్లోంచి.

"ఇందాక నేను మోశాను కదండీ" అంది అలివేలు.

బుల్లెబ్బాయి గారు గుమ్మంలో నిలబడి అంతా చూశారు. గంగాధరం గారిని లేపలేదు, నన్నూ తియ్యలేదు. కండువాతో ముఖం తుడుచుకుని, "మణీ, వచ్చే ఏడు కూడా నువ్వు వరుణుడివేరా" అన్నారు.

"ఆయ్! నాకు అదే కావాలండి" అన్నాడు వాడు.

అందరూ బహుమతులు ఎవరికిస్తారో వినడానికి బయటికి పోయారు. అలివేలు వెళ్ళలేదు. కిరీటం తీసి, స్టూలు మీద కూర్చుని, కుడి భుజం ఎడమచేత్తో మెల్లగా నొక్కుకుంటోంది. నన్ను ఎత్తుకున్న భుజం అదే. నేను ఎంతుంటాను చెప్పండి, ఫ్యాను గాలికి దొర్లిపోయేదాన్ని! నాకేమీ అర్థం కాలేదు.

గుమ్మం దాకా వెళ్ళిన మణికంఠ వెనక్కి తిరిగి చూసి దగ్గరకొచ్చాడు. "నొప్పెడుతోందా అక్కా?"

"ఊఁ" అంది అలివేలు, కళ్ళు మూసుకుని. "బరువు కదరా."